పండుగ కానుక తక్కువ ఖర్చుతో పంపడం ఎలా: రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువారికి

పండుగ దగ్గరపడుతుంటే ఒడిశా సరిహద్దులోని మన తెలుగు ఇళ్లలో ఒకటే లెక్క. అమ్మాయి విశాఖలో ఉంటుంది, అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు, ఆడపడుచు శ్రీకాకుళం దగ్గర పల్లెలో ఉంటుంది. దసరాకు బట్టలు వెళ్లాలి, సంక్రాంతికి సారె వెళ్లాలి. తీరా కౌంటర్ దగ్గర నిలబడ్డాక కానుక ఖరీదుకు సమానంగా రవాణా ఖర్చు అడిగితే మనసు చివుక్కుమంటుంది. అక్కడ బేరమాడి లాభం లేదు, ఎందుకంటే ఆ ఖర్చు చాలావరకు ఇంట్లోనే నిర్ణయమైపోయి ఉంటుంది. ఏం కొన్నారు, ఏ డబ్బాలో పెట్టారు, ఎన్ని రోజుల ముందు బయలుదేరారు అన్న మూడింటి మీదే అది ఆధారపడుతుంది. అందుకే ఏ సంస్థ చౌక అని వెతకడం కన్నా, ఏ వస్తువు ఏ దారిన వెళ్లాలో ముందుగా తేల్చుకోండి.

ముందు ఒక అపోహ వదిలించుకోండి

"వేరే రాష్ట్రం కదా, ఎక్కువ పడుతుంది" అని మన వైపు చాలామంది అనుకుంటారు. తపాలా ధరల్లో రాష్ట్రాల గీత లెక్కలోకి రాదు. బరువు, దూరం చూసి ధర కడతారు. దూరం వల్ల పెరిగేది కూడా మనం అనుకున్నంత ఉండదు. పత్రాలు పంపే స్పీడ్ పోస్టునే తీసుకోండి. 2025 అక్టోబరు 1 నుంచి అమలైన ధరల ప్రకారం 51 నుంచి 250 గ్రాముల వరకు ఉన్న కవరుకు 200 కిలోమీటర్లలోపు రూ.59, 501 నుంచి 1000 కిలోమీటర్ల వరకు రూ.68. వీటి మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అంటే పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళం పంపినా, హైదరాబాద్ పంపినా అసలు ధరలో తేడా తొమ్మిది రూపాయలే. అదే కవరు 250 గ్రాములు దాటి 500 గ్రాముల శ్రేణిలోకి వెళ్తే, 200 కిలోమీటర్లలోపే రూ.59 కాస్తా రూ.70 అవుతుంది. వందల కిలోమీటర్ల దూరం పెంచిన దానికన్నా కాస్త బరువు పెంచింది ఎక్కువ. ఇవి పత్రాల ధరలు. పార్సెళ్లకు వేరే పట్టిక ఉంటుంది. కానీ అక్కడ కూడా మీరు ఎక్కువగా పట్టించుకోవాల్సింది బరువునే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్పీడ్ పోస్టులో స్థానిక ధర చాలా తక్కువ, 50 గ్రాముల వరకు రూ.19 మాత్రమే. పర్లాకిమిడికీ పాతపట్నానికీ మధ్య మహేంద్రతనయ ఒక్కటే అడ్డం కాబట్టి ఆ ధర మనకూ వర్తిస్తుందని ఆశపడకండి. స్థానికం అంటే ఒకే ఊరి పరిధి. ఏరు దాటితే మరో ఊరు, మరో పోస్టల్ సర్కిల్ (తపాలా శాఖ రాష్ట్రాలవారీగా పెట్టుకున్న విభాగం). కవరు నేరుగా వంతెన దాటి వెళ్లదు, ముందు ఒడిశా సర్కిల్‌లోని సార్టింగ్ కేంద్రానికి చేరి, అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు వెళ్లి, మళ్లీ వెనక్కి వస్తుంది. ఇంత దగ్గరి ఊళ్లకు మనిషి చేత పంపడమే సరైన పని.

కొనకముందే తూకం గురించి ఆలోచించండి

వంటగదిలో వాడే చిన్న డిజిటల్ తక్కెడ ఉంటే చాలు. లేకపోతే దగ్గరి కిరాణా కొట్టులో తూయించండి. పార్సెల్ ధరలు సాధారణంగా 500 గ్రాముల మెట్లలో పెరుగుతాయి. 1,020 గ్రాములు ఉన్న పొట్లానికి కిలోన్నర ధర కట్టాలి. అలాంటప్పుడు ఆ 20 గ్రాములు ఎక్కడ తగ్గుతాయో చూడండి. చీర లోపల పెట్టిన అట్టముక్క, బట్టల కొట్టువారు ఇచ్చిన మందపాటి పెట్టె, రెండు పొరలు ఎక్కువ చుట్టిన టేపు, వీటిలో ఏదో ఒకటి తీసేస్తే ఒక మెట్టు కిందికి దిగుతారు. దిగే వీలు లేకపోతే ఎదురు దారి పట్టండి. 1,100 గ్రాములకు ఎలాగూ కిలోన్నర ధర కడుతున్నారు కాబట్టి మిగిలిన 400 గ్రాములలో పిల్లలకు ఇంకేదైనా పెట్టండి. దానికి అదనంగా ఒక్క రూపాయి కూడా పడదు.

ఒకే ఊరిలో ఇద్దరు బంధువులు ఉంటే రెండు పార్సెళ్లు వద్దు. మొదటి 500 గ్రాములకు పడే ధర ఎప్పుడూ ఎక్కువ, తర్వాతి మెట్లు చౌక. ఒకరి చిరునామాకే పంపి, లోపల రెండు పొట్లాల మీద పేర్లు రాసి ఉంచండి. అత్తగారి ఇంటికి నేరుగా వెళ్లాల్సిన సారె మాత్రం ఇలా కలపకండి. మరొకరి ఇంటికి చేరి అక్కడి నుంచి వస్తే మర్యాద తక్కువైందని నొచ్చుకునేవారు ఉంటారు. అక్కడ యాభై రూపాయలు మిగిల్చుకోవడం దండగ.

కానుకను ఎంచుకునేటప్పుడే బరువు గుర్తుంచుకుంటే ఇంకా మంచిది. మన ప్రాంతంలో తేలికైనవి, పగలనివి, బయట అంత సులువుగా దొరకనివి చాలా ఉన్నాయి. బరంపురం పట్టుచీర, డంగరియా కొంధుల ఎంబ్రాయిడరీ శాలువా కపడాగండ, గుడ్డ మీదో కాగితం మీదో గీసిన లంజియా సవర గిరిజనుల చిత్రం వంటివి బరువు తక్కువ, విలువ ఎక్కువ. కపడాగండకూ, లంజియా సవర చిత్రకళకూ 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అదే ఏడాది గుర్తింపు పొందిన కొరాపుట్ కాలాజీర బియ్యం కూడా మంచి కానుకే, కానీ అయిదు కిలోలు కాకుండా ఒక కిలో పంపండి. పండుగనాడు ఒక్కపూట పరమాన్నానికి ఆ కిలో సరిపోతుంది. పర్లాకిమిడి కొమ్ముబొమ్మలు తేలికే గానీ కొసలు విరుగుతాయి, మెత్తని గుడ్డలో చుట్టాలి. ఇత్తడి కుందులు, స్టీలు గిన్నెలు, గాజు సీసాలు మాత్రం పోస్టులో వద్దే వద్దు. వాటికి ఇచ్చే రవాణా డబ్బుతో అక్కడే ఇంకొక జత కొనవచ్చు.

ఖాళీకి కూడా ధర కడతారు

చాలామందికి తెలియక నష్టపోయేది ఇక్కడే. డబ్బా పెద్దదైతే దాని అసలు బరువుతో పాటు కొలతల బరువు కూడా లెక్కవేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని 5000తో భాగిస్తారు. అసలు బరువు, ఈ లెక్కలో వచ్చిన బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి ధర. స్పీడ్ పోస్టు పార్సెళ్లకూ, ప్రైవేటు కొరియర్లకూ ఈ పద్ధతి ఉంది. కొన్ని కొరియర్లు 5000కు బదులు ఇంకా చిన్న అంకెతో భాగిస్తాయి, అప్పుడు బరువు మరింత పెరుగుతుంది.

ఒక లెక్క చూడండి. మూడు కిలోల బట్టలు, జంతికలు కలిపి 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు ఉన్న అట్టపెట్టెలో పెట్టారనుకుందాం. గుణిస్తే 30,000, దాన్ని 5000తో భాగిస్తే ఆరు. మూడు కిలోల సరుకుకు ఆరు కిలోల ధర! అదే సరుకును సర్ది 30, 25, 16 సెంటీమీటర్ల పెట్టెలో పట్టిస్తే కొలతల బరువు 2.4 కిలోలే వస్తుంది, కాబట్టి అసలు బరువైన మూడు కిలోలకే కడతారు. దాదాపు సగం డబ్బు మిగిలింది గాలి తీసేసినందుకే.

కాబట్టి బట్టలను పెట్టెలో పెట్టకండి. గట్టిగా చుట్టి, పాలిథిన్ కవరులో పెట్టి, చేత్తో నొక్కి గాలి తీసి, పైన మందపాటి కవరో గుడ్డసంచో వేసి కుట్టండి. పెట్టె తప్పనిసరైతే సరుకు సర్దాక మిగిలిన ఎత్తును కత్తిరించి మడవండి. అట్టపెట్టెలు కొననవసరం లేదు. మందుల దుకాణంలో, చెప్పుల దుకాణంలో అడిగితే ఊరికే ఇస్తారు. పాత లేబుళ్లు, బార్‌కోడ్‌లు మాత్రం పూర్తిగా చింపేయండి. యంత్రం పాత బార్‌కోడ్ చదివితే పార్సెల్ దారి తప్పుతుంది. కొన్ని హెడ్ పోస్టాఫీసులలో ప్యాకింగ్ కౌంటర్లు ఉంటాయి. తొందరలో ఉన్నప్పుడు పనికొస్తాయి గానీ ఇంట్లో చేసుకుంటే ఆ ఖర్చు కూడా ఉండదు.

ఇక దారుల సంగతి

అన్నిటికన్నా చవకైనది వచ్చేపోయే మనిషి. మన ఊళ్ల నుంచి విశాఖ ఆసుపత్రులకు, పార్వతీపురం బజారుకు, హైదరాబాద్ చదువులకు నిత్యం ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు. రైలులో వెళ్లేవారికి స్లీపర్ తరగతిలో 40 కిలోలు, సెకండ్ క్లాసులో 35 కిలోలు ఉచితంగా తీసుకెళ్లే వీలుంటుంది. చాలామంది దానిలో సగం కూడా మోయరు. అయితే అడిగే పద్ధతి ఒకటి ఉంటుంది. రెండు మూడు కిలోలకు మించి ఇవ్వకండి. చేత్తో పట్టుకునే వీలున్న సంచిలో పెట్టి, లోపల ఏమున్నదో చెప్పి, అందుకునేవారి పేరు, ఫోను నంబరు పైన రాయండి. ముఖ్యంగా, మీ వాళ్లే స్టేషనుకు వచ్చి తీసుకునేలా చూడండి. తెచ్చిన మనిషి ఆటో కట్టుకుని ఇంటింటికీ తిరిగి ఇవ్వాల్సి వస్తే వచ్చే ఏడాది మీ ఫోను ఎత్తరు. పచ్చళ్లు, నెయ్యి, తేనె వంటివి ఈ దారిన మాత్రమే పంపండి.

మనిషి దొరకనప్పుడు, పల్లెకు పంపాలన్నప్పుడు పోస్టాఫీసుకు మించింది లేదు. దేశంలో లక్షా అరవై వేలకు పైగా తపాలా కార్యాలయాలు ఉన్నాయి, వాటిలో అత్యధికం పల్లెల్లోనే. సీతంపేట కొండల మీద ఊరైనా, కాశీపూర్ అవతలి ఊరైనా పోస్టుమాన్ వెళ్తాడు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్‌లో "పార్సెల్" అనగానే స్పీడ్ పోస్టే బుక్ చేసే అవకాశం ఎక్కువ. మీకు వ్యవధి ఉంటే నేలదారిన వెళ్లే సాధారణ పార్సెల్ ధర ఎంతో విడిగా అడగండి. ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో పంపే చోటు, చేరే చోటు పిన్‌కోడ్‌లు, బరువు ఇస్తే ఏ పద్ధతికి ఎంతో చూపిస్తుంది. ఇంట్లో తూకం వేసి, ఫోనులో ధర చూసుకుని వెళ్తే కౌంటర్ దగ్గర తడబాటు ఉండదు. కాలేజీ పిల్లలు స్పీడ్ పోస్టు పంపితే ధరలో 10 శాతం తగ్గింపు ఉంది. కాబట్టి గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లమని చెప్పండి.

పుస్తకాలు కానుకగా ఇచ్చే ఇళ్లకు ఒక శుభవార్త. 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ అనే సేవ మొదలైంది. చదువు, సంస్కృతి, భక్తికి సంబంధించిన పుస్తకాలను నేలదారిన పంపడానికి 300 గ్రాముల వరకు రూ.20, అయిదు కిలోల వరకు రూ.100, పైన పన్ను. ఎక్కడికి వెళ్తుందో చూసుకునే ట్రాకింగ్ కూడా ఉంది. వ్యాపార ప్రకటనల పత్రికలకు ఇది వర్తించదు, పుస్తకం మీద ముద్రించినవారి పేరో ప్రచురించినవారి పేరో ఉండాలి. మన వైపు తెలుగు పుస్తకాల దుకాణాలు తక్కువ. తెలుగు బడి దూరమైన పిల్లలకు పెద్దబాలశిక్ష, భాగవత పద్యాలు, కథల పుస్తకాలు విశాఖ, విజయవాడ నుంచి తెప్పించుకోవడానికి ఇంతకన్నా చౌక మార్గం నాకు కనిపించలేదు. అక్కడి బంధువులు "పిల్లలకు ఏం పంపమంటారు?" అని అడిగితే మొహమాటపడకుండా పుస్తకాలు అడగండి, జ్ఞాన్ పోస్ట్ సంగతి కూడా చెప్పండి. నెలరోజులు తినే మిఠాయి బరువుకు అయ్యే ఖర్చులో పిల్లలు ఏళ్ల తరబడి చదువుకునే పుస్తకాలు వస్తాయి. పుస్తకాల మధ్యలో చీర, మిఠాయి దూర్చకండి. అది పుస్తకాల ధరకు చెల్లదు.

అయిదు కిలోలు దాటిన సరుకుకు బస్సు కార్గో చూడండి. పర్లాకిమిడి వారికి పాతపట్నం, టెక్కలి; గుణుపురం వారికి పాలకొండ; రాయగడ వారికి పార్వతీపురం; కొరాపుట్, జయపురం వారికి సాలూరు దగ్గరి ఆంధ్ర ఊళ్లు. ఏపీఎస్ ఆర్టీసీ పెద్ద బస్టాండ్లలో కార్గో కౌంటర్లు ఉంటాయి. పొద్దున ఇచ్చింది దగ్గరి ఊళ్లకు సాయంత్రానికే చేరడం దీనిలో సుఖం. అవతల మీవాళ్లు బస్టాండుకు వెళ్లి తీసుకోవాలి. ఇంటికి తెచ్చి ఇచ్చే సదుపాయం కొన్ని పట్టణాలకే ఉంటుంది, దానికి అదనం. పార్సెల్ కోసమే సరిహద్దు దాటితే మీ బస్సు ఛార్జీ కూడా కానుక మీదే పడుతుంది. పెళ్లికో సంతకో మీరే ఆ వైపు వెళ్లే రోజు చూసుకుని పట్టుకెళ్లండి. రశీదు లేకుండా డ్రైవర్ చేతిలో పెట్టి పంపే అలవాటు మన వైపు ఉంది. చాలాసార్లు చేరుతుంది, కాదనను. చేరనప్పుడు మాత్రం అడగడానికి మీ చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు. కాబట్టి ఖరీదైనవి అలా పంపకండి.

రైల్వే పార్సెల్ చిన్న కానుకలకు పనికిరాదు. మేనల్లుడికి సైకిలు, కూతురికి కుట్టుమిషను వంటివి పంపేటప్పుడు రాయగడ, బరంపురం వంటి పెద్ద స్టేషన్ల పార్సెల్ ఆఫీసులో అడగండి. అవతలి స్టేషనులో గడువులోగా విడిపించుకోకపోతే నిల్వ రుసుము పడుతుంది.

ప్రైవేటు కొరియర్లు నగరం నుంచి నగరానికి, అందులోనూ కిలోలోపు పొట్లాలకు, కొన్నిసార్లు పోస్టుకు దీటుగా ఉంటాయి. పల్లె చిరునామా అయితే డబ్బు కట్టకముందే "ఈ పిన్‌కోడ్‌కు ఇంటిదాకా తెచ్చి ఇస్తారా, మేమే ఆఫీసుకు వెళ్లి తెచ్చుకోవాలా?" అని అడగండి. మండల కేంద్రంలో ఆగిపోయిన పార్సెల్ కోసం ముసలివాళ్లు ఆటో ఎక్కాల్సి వస్తే మీకు మిగిలినది వాళ్లకు ఖర్చవుతుంది.

అన్ని చోట్లా ఒకేలా దొరికే వస్తువులు, ఉదాహరణకు మిక్సీ, కుక్కరు, పేరున్న కంపెనీ చొక్కా, మీరు కొని పంపడం కన్నా ఆన్‌లైన్‌లో వాళ్ల చిరునామాకే తెప్పించడం మేలు. రవాణా ఖర్చు చాలాసార్లు ధరలోనే కలిసి ఉంటుంది. పోస్టును మన చేతి వంటకు, మన నేత చీరకు, మన ఊరి వస్తువుకు దాచుకోండి. డబ్బు కానుకైతే యూపీఐలో పంపి, అక్షింతలు, పసుపుకుంకుమలు, ఒక ఉత్తరం కవరులో పెట్టి పోస్టు చేయండి. సాధారణ ఉత్తరానికి 20 గ్రాములకు అయిదు రూపాయల తపాలా బిళ్ల చాలు. పిల్లలు ఫోనులో వచ్చిన సందేశం మరిచిపోతారు గానీ అమ్మమ్మ చేతిరాత దాచుకుంటారు. నోట్లను మాత్రం కవరులో పెట్టకండి.

పిండివంటలు పంపేవారికి

సంక్రాంతి పార్సెల్ అంటే సగం వంటగది వాసనే. ఏవి ప్రయాణాన్ని తట్టుకుంటాయో వండేవారికి తెలుసు, అయినా పోస్టు ప్రయాణం చేతిసంచి ప్రయాణం కన్నా కఠినం. సంచులను ఎత్తి వేస్తారు, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. అరిసెలు, పోకుండలు, సున్నుండలు, నువ్వుండలు నిశ్చింతగా పంపవచ్చు. పాకం కాస్త ముదురుగా పట్టిన అరిసె వారం దాటినా చెక్కుచెదరదు. జంతికలు, చెక్కలు పాడవవు గానీ విరుగుతాయి, పైగా చోటు ఎక్కువ తింటాయి. వాటి వల్లే కొలతల బరువు పెరుగుతుంది. జంతికల చుట్టలకు బదులు చిన్న ముక్కలుగా ఉండే కారప్పూస, గవ్వలు చేసి, ప్లాస్టిక్ డబ్బాలో మూత దాకా నింపండి. డబ్బాలో ఖాళీ ఉంటేనే లోపల కదిలి నుగ్గవుతాయి. బొబ్బట్లు, కోవా, కొబ్బరి లౌజు, తడి ఉన్న ఏ మిఠాయీ పంపవద్దు. కజ్జికాయల సంగతి వాటి అంచు మడత ఎంత గట్టిగా ఉందన్న దాని మీద ఉంటుంది, నేనైతే పంపను.

ఇంకో మాట. వేడి పూర్తిగా చల్లారాకే కట్టండి. గోరువెచ్చగా కడితే లోపల ఆవిరి పట్టి నాలుగో రోజుకు ముక్కిన వాసన వస్తుంది. మొదట పాలిథిన్ కవరు, దాని పైన డబ్బా, డబ్బా మూత చుట్టూ టేపు. నూనె మరక బయటికి కనిపిస్తే కౌంటర్‌లో తీసుకోకపోవచ్చు, తీసుకున్నా పక్క పార్సెళ్లు పాడవుతాయి. ఖర్జూర బెల్లం గట్టి అచ్చు రూపంలో ఉంటే పంపండి, పాకం రూపంలో వద్దు. గజపతి జిల్లా వైపు చలికాలంలోనే ఇది వస్తుంది కాబట్టి సంక్రాంతి పార్సెల్‌కు సరిగ్గా అందుతుంది. బరంపురం అప్పడాలు తేలిక, చవక. రెండు అట్టముక్కల మధ్య దొంతరగా పెట్టి దారం కడితే విరగవు.

దీపావళికి టపాసులు, కాకరపువ్వొత్తులు, అగ్గిపెట్టెలు పోస్టులో గానీ కొరియర్‌లో గానీ బస్సులో గానీ రైలులో గానీ పంపకండి. అది నేరం, ప్రాణాలకు ముప్పు. అత్తరు సీసాలు, శానిటైజర్ వంటి మండే ద్రవాలు కూడా అంతే. బట్టల మధ్యలో దాచి పంపడం అసలే వద్దు.

చిరునామా సరిగా లేకపోతే చౌక కూడా దండగే

తిరిగివచ్చిన పార్సెల్ కన్నా ఖరీదైనది లేదు. సరిహద్దులో ఉన్న మనకు ఈ విషయంలో రెండు చిక్కులు ఎక్కువ. ఒకటి లిపి. ఇక్కడి కౌంటర్‌లో తెలుగు చదివేవారు ఉండవచ్చు, సార్టింగ్ కేంద్రంలో ఉండకపోవచ్చు. చేరే చోట ఒడియా చదవలేరు. కాబట్టి చిరునామా ఇంగ్లిష్ పెద్ద అక్షరాలతో రాసి, కింద తెలుగులో కూడా రాయండి. పల్లె పోస్టుమాన్‌కు తెలుగులో ఉన్న ఇంటి పేరు, వీధి పేరే ఎక్కువ పనికొస్తాయి.

రెండోది జిల్లాలు మారడం. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చాక పార్వతీపురం, సాలూరు విజయనగరం జిల్లా నుంచి, పాలకొండ, సీతంపేట, వీరఘట్టం శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. మన పాత పెళ్లి శుభలేఖల్లో, డైరీల్లో ఇంకా పాత జిల్లాలే ఉన్నాయి. జిల్లా పేరు పొరబడినా ఆరంకెల పిన్‌కోడ్ సరిగా ఉంటే పార్సెల్ చేరుతుంది. మొదటి అంకె చూస్తే పెద్ద పొరపాటు ఇట్టే పట్టుబడుతుంది. ఆంధ్ర, తెలంగాణ పిన్‌కోడ్‌లు 5తో, ఒడిశావి 7తో మొదలవుతాయి. పార్వతీపురం 535501, రాయగడ 765001. మీవాళ్ల పిన్‌కోడ్ ఫోను చేసి అడిగి, మళ్లీ వాళ్లకు చదివి వినిపించండి. పంపేవారి చిరునామా, ఇద్దరి ఫోను నంబర్లు తప్పనిసరి. ఇవన్నీ మరో కాగితం మీద రాసి పార్సెల్ లోపల కూడా పెట్టండి. పైన లేబుల్ తడిసి చిరిగినా లోపలిది కాపాడుతుంది.

ఎప్పుడు బయలుదేరాలి

ఆలస్యమే అసలు ఖర్చు. వారం ముందు వెళ్తే నేలదారి పార్సెల్‌తో సరిపోయేది, మూడు రోజుల ముందు వెళ్తే వేగంగా వెళ్లేదానికి కట్టాలి. సంక్రాంతి పార్సెల్‌ను జనవరి మొదటి రోజుల్లోనే పంపండి, పుస్తకాలనైతే డిసెంబరు మూడో వారంలోనే. ధనుర్మాసం డిసెంబరు మధ్యలో మొదలవుతుంది కాబట్టి ముగ్గులతో పాటే పార్సెల్ పనీ మొదలుపెట్టవచ్చు. దసరాకు ఒడిశాలోనూ ఆంధ్రలోనూ సెలవులు ఒకేలా ఉండవు, రెండు వైపులా కౌంటర్లు తెరిచి ఉండే రోజులు చూసుకోండి. బట్టలు ముందు, పిండివంటలు తర్వాత అని రెండు పార్సెళ్లు చేయాలనిపిస్తే ఒక్కసారి లెక్కవేయండి. బట్టలు నేలదారిన పది రోజుల ముందు పంపి, తినేవి మాత్రం చిన్న పొట్లంగా స్పీడ్ పోస్టులో పంపితే, మొత్తం ఒకే స్పీడ్ పోస్టు పార్సెల్‌గా పంపిన దానికన్నా తక్కువ కావచ్చు.

విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపేవారు ఇంకా ముందు మేలుకోవాలి. కస్టమ్స్ పత్రంలో ప్రతి వస్తువు పేరు, బరువు, విలువ నిజం రాయాలి. ఒక్కో దేశం తినేవాటి మీద ఒక్కో నిబంధన పెట్టింది కాబట్టి ముందు పిల్లలనే అక్కడి నియమాలు చూసి చెప్పమనండి. అమెరికాకైతే 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్లలోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు పోయింది, 100 డాలర్లలోపు కానుకలకే వెసులుబాటు మిగిలింది. అంతదూరం రెండు కిలోలు పంపే ఖర్చు కానుకను మించిపోతుంది. పండుగకు అక్కడి తెలుగు దుకాణంలో కొనుక్కోమని డబ్బు పంపి, మీ చేతి వంటను ఎవరైనా విమానంలో వెళ్లే రోజుకు దాచడం మంచిది.

కౌంటర్ దగ్గర

పార్సెల్ పూర్తిగా అంటించకుండా ఒక వైపు తెరిచి పట్టుకెళ్లండి. లోపల ఏమున్నదో చూపమని అడిగితే మళ్లీ చింపే బాధ ఉండదు. టేపు, కత్తెర, పెన్ను వెంట ఉంచుకోండి. తూకం వేసేటప్పుడు తక్కెడ అంకె మీరు కూడా చూడండి. మెట్టు దాటి పది ఇరవై గ్రాములు ఎక్కువుంటే అక్కడే తీసేయగలిగే వస్తువు ఒకటి పైనే ఉంచండి. పట్టుచీర వంటి ఖరీదైనదైతే ఇన్సూరెన్స్ ఎంతో అడగండి. పత్రాలకైనా పార్సెల్‌కైనా అందుకునే మనిషికే ఇవ్వాలనుకుంటే స్పీడ్ పోస్టులో అయిదు రూపాయలు, పైన పన్ను కట్టి రిజిస్ట్రేషన్ చేయించవచ్చు. అంతే ధరకు ఓటీపీ చెప్పాకే ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఫోను సరిగా అందని కొండ ఊళ్లకు ఓటీపీ పెట్టించవద్దు, పోస్టుమాన్ గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.

రశీదును అక్కడే ఫోటో తీసి మీవాళ్లకు పంపండి. ట్రాకింగ్ నంబరు వాళ్ల దగ్గర ఉంటే వచ్చే రోజున ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. అందిందని ఫోను వచ్చి, విప్పి, అన్నీ సరిగా ఉన్నాయని చెప్పేదాకా అసలు రశీదు పారేయకండి. ఫిర్యాదు చేయాల్సి వస్తే మొదట అడిగేది దాన్నే.